కొబ్బరి చిప్ప, రొయ్య తొక్క, ఊక: గది ఉష్ణోగ్రత సోడియం–సల్ఫర్ బ్యాటరీ మెటీరియల్ మెరుగుపరచడం ఎలా (స్టెప్ బై స్టెప్)

మా చిన్న మావయ్యకి భీమవరం అవతల ఆరెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. రాత్రిపూట కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఇక ఆ రాత్రికి ఆయనకి నిద్రుండదు, అందుకే గట్టు మీద డీజిల్ జనరేటర్ ఎప్పుడూ రెడీ. 2 హెచ్‌పీ ఏరియేటర్ ఒక్కటి రాత్రి 8 గంటలు తిరిగితే సుమారు 12 యూనిట్లు లాగుతుంది, అలాంటివి నాలుగైదు ఉంటే లెక్క మీరే వేసుకోండి. నేను బ్యాటరీల మీద పని చేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఎప్పుడు కనపడినా ఒకటే ప్రశ్న. "ఏరా అల్లుడూ, నీ గంధకం బ్యాటరీ నా చెరువు గట్టు మీదకి ఎప్పుడొస్తాదిరా?" "ఇంకా గదిలోనే ఉంది మావయ్యా" అంటాను. ఆయనకి జోకు అర్థం కాదు, నాకు నవ్వు రాదు.

ఈ పోస్టు ఎవరి కోసమంటే, ఎంఎస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తూ ల్యాబులో ట్యూబ్ ఫర్నేస్ (గొట్టం కొలిమి), గ్లవ్‌బాక్స్ (గాలి, తేమ తగలకుండా పని చేసుకునే మూసిన పెట్టె) అందుబాటులో ఉండి ఈ టాపిక్ మొదలుపెట్టే మనోళ్ల కోసం. ఇంట్లో చేసే పని కాదండీ ఇది, ముందే చెప్పేస్తున్నా. సోడియానికి తడి తగిలితే మంట అంటుకుంటుంది, మధ్యలో ప్రాణం తీసే గ్యాస్ కూడా ఒకటి వస్తుంది.

ముందు రెండు ముక్కలు. సోడియం–సల్ఫర్ బ్యాటరీ కొత్తదేం కాదు, 1960ల్లోనే ఫోర్డ్ కంపెనీ ల్యాబులో బీటా అల్యూమినా అనే సిరామిక్‌తో చేశారు, తర్వాత జపాన్‌లో ఎన్‌జీకే కంపెనీ దాన్ని గ్రిడ్ స్టోరేజీకి అమ్మింది. కానీ అది 300–350 డిగ్రీల దగ్గర, సోడియం, సల్ఫర్ రెండూ కరిగిన స్థితిలో పనిచేస్తుంది. పైగా డిశ్చార్జ్ దాదాపు సోడియం ట్రైసల్ఫైడ్ ఏర్పడే దగ్గరే ఆపేయాలి కాబట్టి సల్ఫర్ ఇవ్వగలిగిన దాంట్లో మూడో వంతే వాడుకుంటాం. గది ఉష్ణోగ్రతలో అయితే చివరిదాకా, అంటే సోడియం సల్ఫైడ్ దాకా వెళ్లొచ్చు, సల్ఫర్‌కి గ్రాముకి 1675 ఎంఏహెచ్, సోడియానికి 1166. మామూలు లిథియం బ్యాటరీ క్యాథోడ్ (పాజిటివ్ వైపు; మన బ్యాటరీలో అది సల్ఫర్ వైపు) 150–200 దగ్గర ఉంటుందని గుర్తుంటే ఎందుకింత గోల చేస్తారో తెలుస్తుంది.

మరి అడ్డేంటి? మూడున్నాయి. సల్ఫర్‌లో కరెంటు అసలు పోదు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు అది దాదాపు 170 శాతం ఉబ్బుతుంది, లిథియంతో అయితే 80 శాతమే. మూడోది అసలు తలనొప్పి, మధ్యలో పుట్టే పాలీసల్ఫైడ్లు (సోడియానికి సల్ఫర్ గొలుసులు తగులుకున్నవి) ఎలక్ట్రోలైట్లో, అంటే రెండు వైపుల మధ్య ఉండే ద్రావణంలో కరిగిపోయి సోడియం వైపు ఈదుకుంటూ వెళ్లిపోతాయి, దీన్నే షటిల్ అంటాం. వీటన్నిటికీ మందు సల్ఫర్‌లో లేదు, సల్ఫర్‌ని పెట్టే ఇంట్లో, అంటే సన్నటి రంధ్రాలున్న కార్బన్‌లో ఉంది. ఆ ఇల్లు కట్టడానికి కావాల్సిన సరుకు మన డెల్టాలో చెత్తకుప్పల్లో దొరుకుతుంది.

స్టెప్ 1: ముందు ఎలక్ట్రోలైట్ తేల్చుకోండి

అందరూ కార్బన్ తయారీతో మొదలుపెడతారు, నేనూ అలాగే చేసి ఏడాది పోగొట్టుకున్నాను. ఎలక్ట్రోలైట్ ఏదో తెలియకుండా కార్బన్ చేయడం అంటే పెళ్లికూతురు ఎవరో తెలియకుండా జాకెట్టు కుట్టించినట్టే.

దారులు రెండు. ఈథర్ ఎలక్ట్రోలైట్ (డైగ్లైమ్, టెట్రాగ్లైమ్ లాంటివి) తీసుకుంటే పాలీసల్ఫైడ్లు బాగా కరుగుతాయి. రియాక్షన్ స్పీడుగా ఉంటుంది, 2.2 వోల్టుల దగ్గర ఒక మెట్టు, 1.65 దగ్గర ఇంకో మెట్టు కనపడతాయి, కానీ షటిల్ విపరీతం. ఈ దారిలో వెళ్తే కార్బన్‌లో కొంచెం పెద్ద రంధ్రాలు, అంటే కొన్ని నానోమీటర్లవి, వాటి గోడలకి పాలీసల్ఫైడ్లని పట్టుకునే నైట్రోజన్ లేదా మెటల్ ఉండాలి.

కార్బొనేట్ ఎలక్ట్రోలైట్ (ప్రొపిలీన్ కార్బొనేట్, ఇథిలీన్ కార్బొనేట్ వగైరా) తీసుకుంటే కథ వేరు. కరిగిన పాలీసల్ఫైడ్ కనపడితే చాలు ఈ కార్బొనేట్ దానితో రియాక్ట్ అయిపోతుంది, సల్ఫర్ శాశ్వతంగా పోతుంది. మామూలు సల్ఫర్ అణువు ఎనిమిది పరమాణువుల కిరీటం లాగా ఉంటుంది, దాన్ని అలాగే పెడితే మొదటి డిశ్చార్జ్‌లోనే సెల్ పడుకుంటుంది. అందుకని సల్ఫర్ రెండు, మూడు, నాలుగు పరమాణువుల చిన్న ముక్కలుగా అర నానోమీటర్ రంధ్రాల్లో ఇరుక్కుని ఉండాలి, లేదంటే పాలిమర్‌కి కెమికల్‌గా అతుక్కుని ఉండాలి. అప్పుడు లాంగ్ చైన్ పాలీసల్ఫైడ్లు పుట్టవు, పుట్టకపోతే షటిల్ ప్రశ్నే లేదు.

నా ఓటు కార్బొనేట్‌కి, ఎందుకంటే అందులో షటిల్ గొడవ మొదలవకుండానే ఆపొచ్చు, పైగా కొబ్బరి చిప్ప కార్బన్ దానికి పుట్టినట్టే ఉంటుంది. ఈథర్ వాళ్లు ఒప్పుకోరు, వాళ్ల కెపాసిటీలు నిజంగానే ఎక్కువొస్తాయి, కాదనను.

స్టెప్ 2: చెత్త ఎంచుకోవడం

కొబ్బరి చిప్ప: అంబాజీపేట వైపు కొబ్బరి తీసేశాక చిప్పలు ఎంత కావాలంటే అంత. చిప్ప గట్టి సరుకు, లిగ్నిన్ ఎక్కువ, దీన్నుంచి వచ్చే కార్బన్‌లో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల కన్నా చిన్న రంధ్రాలే. నీళ్ల ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్‌కి చిప్ప బొగ్గునే ఇష్టపడేది అందుకే. అంటే కార్బొనేట్ దారికి ఇది. ముదురు కాయ చిప్పే తీసుకోండి, బొండాం చిప్ప మెత్తన, పనికిరాదు. పీచు పూర్తిగా గీకేయాలి, పీచులో పొటాషియం, క్లోరైడ్ ఉంటాయి, తర్వాత అవి కడుక్కోలేక చస్తాం.

రొయ్య తొక్క: ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర తలకాయలు, తొక్కలు బస్తాలకి బస్తాలు పారేస్తారు. (రొయ్యపొట్టు కాదండోయ్, అది వంకాయలో వేసుకోవడానికి.) తొక్కలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, శుద్ధమైన కైటిన్ బరువులో దాదాపు 7 శాతం నైట్రోజనే. పైగా కాల్షియం కార్బొనేట్ కూడా ఉంటుంది, అది వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ రంధ్రాలు చేస్తుంది, మిగిలిన సున్నాన్ని యాసిడ్‌తో కడిగేస్తే అక్కడ ఇంకాస్త పెద్ద ఖాళీలు. నైట్రోజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంట పాలీసల్ఫైడ్‌లోని సోడియాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ఇది ఈథర్ దారికి. వాసన సంగతి మాత్రం అడక్కండి, ఎండబెట్టిన రెండో రోజే మా డిపార్ట్‌మెంటులో నా మీద కంప్లైంట్ పోయింది.

ఊక: మండపేట, తణుకు వైపు ఏ రైస్ మిల్లుకి వెళ్లినా దొరుకుతుంది. ఊక బరువులో ఐదో వంతు బూడిద, ఆ బూడిదలో 90 శాతం పైగా సిలికా. కార్బనైజ్ చేశాక ఆ సిలికాని వేడి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి తీసేస్తే కొన్ని నానోమీటర్ల రంధ్రాలు మిగులుతాయి. ఊకకి నేను ఎక్కువ టైం పెట్టలేదు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో సిలికా తీస్తామని రాసే పేపర్లు చూసి మీరు దాని జోలికి పోకండి, సోడియం హైడ్రాక్సైడ్ చాలు.

స్టెప్ 3: చిప్పని కార్బన్ చేయడం

చిప్పల్ని కడిగి, 110 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఆరబెట్టి, సుత్తితో కొట్టి, మిక్సీలో వేసి పొడి చేయండి (ఇంట్లో మిక్సీ వద్దు, జార్ బ్లేడు పోతుంది, తర్వాత ఇంట్లో మాటలు పడాలి). నైట్రోజన్ లేదా ఆర్గాన్‌లో 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు మొదటి కాల్పు. నూరు గ్రాముల చిప్పకి సుమారు 30 గ్రాముల బొగ్గు వస్తుంది.

ఆ బొగ్గుకి మూడింతల బరువు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, కొద్దిగా నీళ్లతో నానబెట్టి, ఆరబెట్టి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800 దాకా ఎక్కించి ఒక గంట ఉంచండి. ఇక్కడ బోటు (ట్యూబులో సరుకు పెట్టే చిన్న తొట్టి) నికెల్‌ది వాడాలి, అల్యూమినా, క్వార్ట్జ్ బోట్లని ఈ క్షారం తినేస్తుంది. ఇంకోటి, ఈ వేడికి పొటాషియం మెటల్ ఆవిరి పుట్టి ట్యూబు చల్లటి చివర పేరుకుంటుంది, మన డెల్టా గాలి తగలగానే అది చిటపటలాడుతుంది. అందుకని పూర్తిగా చల్లారే దాకా గ్యాస్ ఆపకండి, తీశాక ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా, ఆ తర్వాతే నీళ్లు. తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ 7 వచ్చేదాకా కడగాలి. ఆరేడు సార్లు పడుతుంది, మూడోసారికే విసుగొచ్చి ఆపేస్తాం, ఆపకూడదు.

నా మొదటి బ్యాచ్ సంగతి చెప్తాను. సాయంత్రం ఆరింటికి పెట్టి ఇంటికెళ్లిపోయాను, సిలిండర్ గేజ్ సరిగ్గా చూడలేదు, రాత్రి ఎప్పుడో నైట్రోజన్ అయిపోయింది. పొద్దున ట్యూబు తీస్తే బోటులో బొగ్గు లేదు, చిటికెడు తెల్లటి విభూతి ఉంది. మూడు రోజుల పని. మా ల్యాబ్ అన్నయ్య వచ్చి చూసి "నుదుట పెట్టుకోరా, మంచి జరుగుద్ది" అన్నాడు. అప్పట్నుంచి ఔట్‌లెట్ ట్యూబుని నూనె ఉన్న బబ్లర్‌లో ముంచి, బుడగలు వస్తున్నాయో లేదో చూస్తూ పగలే రన్ చేస్తున్నాను.

అన్నీ సరిగ్గా కుదిరితే గ్రాముకి 1500–2500 చదరపు మీటర్ల సర్ఫేస్ ఏరియా వస్తుంది. ఆ నంబర్ చూసి సంబరపడకండి. మీకు కావాల్సింది రంధ్రాల వాల్యూమ్, సైజుల పంపిణీ, ఈ రెండూ రిపోర్టులో వేరే పేజీలో ఉంటాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ ఎక్కువేసినకొద్దీ ఏరియా పెరుగుతుంది గానీ రంధ్రాలు కూడా వెడల్పవుతాయి, కార్బొనేట్ దారికి అది నష్టం. నాలుగింతల కన్నా రెండింతలు వేసిందే సెల్‌లో బాగా నడిచిన సందర్భం నాకుంది.

స్టెప్ 4: సల్ఫర్ ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి

కాకినాడ గొట్టం కాజా తిన్నారు కదా. పాకం లోపల ఉంటుంది, పైన పొడిగా ఉంటుంది, కొరికితే గానీ బయటికి రాదు. మనకి కావాల్సింది సరిగ్గా అదే. పాకం ఎక్కువై పైన కూడా అంటుకుందంటే చీమలు పడతాయి, ఇక్కడ చీమలంటే ఎలక్ట్రోలైట్.

లెక్క ఇలా వేయండి. మీ కార్బన్‌లో గ్రాముకి 1 సీసీ ఖాళీ ఉందనుకోండి. సల్ఫర్ సాంద్రత 2.07, కాబట్టి నిండా పోస్తే 2.07 గ్రాములు పడుతుంది. కానీ సోడియం సల్ఫైడ్ అయ్యేసరికి అది 2.7 రెట్లు అవుతుంది, చోటెక్కడిది? ఆ ఉబ్బుకి చోటు వదలాలంటే 2.07ని 2.7తో భాగించాలి, 0.77 గ్రాములు. అంటే మొత్తం కాంపోజిట్‌లో (కార్బన్, సల్ఫర్ కలిసిన పొడిలో) సల్ఫర్ 43 శాతం. ఖాళీ 0.8 సీసీ అయితే 38 శాతమే. చాలామంది 70 శాతం పెట్టేసి, పది సైకిళ్లకే (ఒక డిశ్చార్జ్, ఒక ఛార్జ్ కలిపితే ఒక సైకిల్) పడిపోయిందని బాధపడతారు, ఆ 70లో సగానికి పైనే ఉబ్బినప్పుడు చోటు చాలక కాజా పైకొచ్చే పాకమే.

సల్ఫర్ ల్యాబ్ గ్రేడ్ కొనండి. పురుగుమందుల షాపులో మామిడికి, మిరపకి కొట్టే 80 శాతం వెటబుల్ సల్ఫర్ చౌక కదా అని తేవద్దు, మిగతా 20 శాతం నీళ్లలో కలవడానికి వేసే సరుకు, అది సెల్‌లోకి వెళ్తే ఏ గ్రాఫు ఎందుకు అలా వచ్చిందో బ్రహ్మకి కూడా తెలియదు.

కార్బన్, సల్ఫర్ కలిపి కల్వంలో అరగంట నూరి, మూత బిగించిన టెఫ్లాన్ లైనర్ ఉన్న స్టీల్ పాత్రలో 155 డిగ్రీల దగ్గర 12 గంటలు. 155 ఎందుకంటే, సల్ఫర్ 115 దాటాక కరుగుతుంది, వేడెక్కినకొద్దీ పలచబడుతూ 155 దగ్గర బాగా జారుడుగా ఉంటుంది, 160 దాటగానే గొలుసులు కట్టి ఒక్కసారిగా జిగురైపోతుంది. ఓవెన్ డిస్‌ప్లే నమ్మకండి, లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడండి, మాది 8 డిగ్రీలు తేడా చూపించింది. తర్వాత చిప్ప కార్బన్‌కి ఇంకో అడుగుంది, ఆర్గాన్ పారుతుండగా 300 డిగ్రీల దగ్గర రెండు గంటలు. పైన అంటుకున్న సల్ఫర్ ఆవిరై పోతుంది, లోపలిది చిన్న ముక్కలుగా మైక్రో రంధ్రాల్లో మిగులుతుంది.

చెక్ చేసుకోవడం తేలిక. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో సల్ఫర్ గీతలు మాయమవ్వాలి. టీజీఏలో (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష) మామూలు సల్ఫర్ 300 లోపే ఎగిరిపోతుంది, లోపల ఇరుక్కున్నది ఇంకా పై వేడికి గానీ కదలదు. రెండు మెట్లుగా దిగిందంటే మొదటి మెట్టు పైనున్న పాకం.

స్టెప్ 5: రంధ్రాలతో పని లేని ఇంకో దారి

పాలీయాక్రిలోనైట్రైల్ అని స్వెటర్లకి వాడే యాక్రిలిక్ దారం సరుకే, దాని పొడికి మూడు నాలుగింతల సల్ఫర్ కలిపి ఆర్గాన్‌లో 300–350 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు కాలిస్తే సల్ఫర్ పాలిమర్‌కి కెమికల్‌గా అతుక్కుపోయిన నల్లటి పొడి వస్తుంది. సల్ఫర్ 40–45 శాతం దగ్గర ఆగుతుంది, దాన్ని పెంచడం కష్టం, అదే దీని బలహీనత. కానీ కార్బొనేట్‌లో ఇంత నిదానంగా, నమ్మకంగా నడిచేది ఇంకోటి నేను చూడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇది చేసి, మీ సెల్ కట్టే చేయి సరిగ్గానే ఉందని తేల్చుకుని, అప్పుడు చిప్పల దగ్గరికి రండి. సల్ఫర్ శాతానికి టీజీఏ సరిపోదు, ఏ మూలకం ఎంతుందో తేల్చే ఎలిమెంటల్ అనాలిసిస్‌కి పంపండి.

జాగ్రత్త మాత్రం ఎక్కువ కావాలి. ఈ రియాక్షన్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన, అదైనా మొదట్లోనే. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా గ్యాస్ పోయింది అనుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఫ్యూమ్ హుడ్, ఔట్‌లెట్‌కి వరసగా రెండు సీసాల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, గ్యాస్ అలారం, ఈ మూడూ లేకపోతే ఈ స్టెప్ వదిలేయండి. ఇంకో చిక్కు, మిగిలిన సల్ఫర్ ఆవిరి ట్యూబు చివర చల్లబడి పసుపు బిరడాలా గడ్డకట్టి దారి మూసేస్తుంది, లోపల ప్రెజర్ పెరుగుతుంది. చివర వెడల్పు గొట్టం పెట్టి, దానికి హీటింగ్ టేప్ చుట్టండి.

స్టెప్ 6: ఈథర్ దారిలో రంగు పరీక్ష

రొయ్య తొక్క కార్బన్ ఎంత బాగా పట్టుకుంటుందో సెల్ కట్టకముందే కంటితో చూడొచ్చు. గ్లవ్‌బాక్స్‌లో ఒక వంతు సోడియం సల్ఫైడ్, ఐదు వంతుల సల్ఫర్ (మోల్ లెక్కన) డైగ్లైమ్‌లో వేసి రాత్రంతా కలిపితే సోడియం హెక్సాసల్ఫైడ్ ద్రావణం వస్తుంది, 5 మిల్లీమోలార్‌కి పలచన చేయండి. రంగు నిన్నటి టీ డికాషన్‌లా ఉంటుంది. నాలుగు చిన్న సీసాల్లో సమానంగా పోసి, ఒకటి ఖాళీగా ఉంచి, మిగతా మూడింట్లో 20 మిల్లీగ్రాముల చొప్పున మామూలు కార్బన్ బ్లాక్ (మసి లాంటి పొడి), చిప్ప కార్బన్, రొయ్య కార్బన్ వేశాను. పొడి అడుక్కి దిగాక ఒక గంటకి చూస్తే కార్బన్ బ్లాక్ సీసాలో ఇంకా డికాషనే, చిప్పది నిమ్మకాయ షర్బత్ రంగు, రొయ్యది గోదావరి వరద తగ్గాక కార్తీకంలో పైనుంచి తేరుకున్న నీళ్లలాగా అడుగు కనపడుతోంది. పైనున్న ద్రావణాన్ని యూవీ–విజిబుల్‌లో (రంగు గాఢత కొలిచే పరికరం) పెట్టి నంబర్ రాసుకోండి.

ఒక మెలిక ఉంది. బాగా పీల్చుకుంది అంటే సర్ఫేస్ ఏరియా ఎక్కువ కాబట్టా, నైట్రోజన్ వల్లా అనేది ఈ పరీక్ష చెప్పదు. అందుకని బరువు సమానంగా కాకుండా ఏరియా సమానంగా ఉండేలా తూకం వేసి ఇంకోసారి చేయండి. అలా చేస్తే నా తేడా సగం తగ్గిపోయింది, అయినా తేడా మిగిలింది.

పట్టుకున్న దాన్ని త్వరగా సోడియం సల్ఫైడ్‌గా మార్చే ఉత్ప్రేరకం కూడా కావాలి. కోబాల్ట్ లేదా ఐరన్ నైట్రేట్ ద్రావణంలో కార్బన్‌ని నానబెట్టి మళ్లీ ఇనర్ట్ గ్యాస్‌లో కాలిస్తే మెటల్ నలుసులు అంటుకుంటాయి. కొందరు బంగారం నానో కణాలు కూడా పెట్టారు, పనిచేసింది కూడా. చౌక బ్యాటరీ కోసం బంగారమా అని మా మావయ్య అడిగితే నా దగ్గర సమాధానం లేదు. నేను ఐరన్ దగ్గరే ఆగాను.

స్టెప్ 7: ఎలక్ట్రోడ్ పూత, మన తేమ

కాంపోజిట్ 80, కార్బన్ బ్లాక్ 10, బైండర్ 10. బైండర్‌కి, అంటే పొడిని అంటించే జిగురుకి, పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ బదులు నీళ్లలో కరిగే సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) గానీ సోడియం ఆల్జినేట్ గానీ వాడండి, ఇంత ఉబ్బే మెటీరియల్‌ని అవే గట్టిగా పట్టుకుంటాయి. పూత అల్యూమినియం రేకు మీద. సోడియం అల్యూమినియంతో కలవదు కాబట్టి రెండు వైపులా అల్యూమినియమే వాడొచ్చు, రాగి ఖర్చు తప్పుతుంది. కార్బన్ పూత ఉన్న రేకు దొరికితే ఇంకా మంచిది.

ఆరబెట్టడం దగ్గర నేను రెండో పెద్ద తప్పు చేశాను. శ్రావణమాసం, బయట ఎడతెగని వాన, ల్యాబ్ గోడలు చెమర్చాయి, పూత ఎంతకీ ఆరట్లేదని వాక్యూమ్ ఓవెన్‌ని 100కి పెట్టి వదిలేశాను. పొద్దున ఓవెన్ అద్దానికి పండగ గడపకి రాసినట్టు పసుపు. నా సల్ఫరంతా అక్కడుంది, రేకు మీద ఉత్త కార్బన్. సల్ఫర్ ఎలక్ట్రోడ్‌ని 50–60 డిగ్రీలు దాటించకండి, ముందు మామూలు ఓవెన్‌లో ఆరనిచ్చి ఆ తర్వాతే వాక్యూమ్. ఎండిన డిస్కుని గ్లవ్‌బాక్స్‌లోకి పెట్టే ముందు, పెట్టిన తర్వాత తూకం వేయండి. వానాకాలంలో సీఎంసీ పూత బెంచ్ మీద పది నిమిషాలు ఉంటే చాలు తేమ పీల్చేసుకుంటుంది. నేను కుదిరినంతవరకు పూత పనులు జనవరి నుంచి మార్చి లోపు పెట్టుకుంటాను.

స్టెప్ 8: సోడియం వైపు

క్యాథోడ్ ఎంత బాగున్నా సోడియం వైపు పాడైతే సెల్ పోతుంది. పారఫిన్ ఆయిల్‌లో ఉన్న సోడియం దిమ్మని గ్లవ్‌బాక్స్‌లో హెక్సేన్‌తో తుడిచి, నాలుగు వైపులా పసుపు, తెలుపు పొర పోయి వెండిలా మెరిసేదాకా కోసేయండి. జున్నుముక్కలా తెగుతుంది. ప్లాస్టిక్ కవర్ మధ్య పెట్టి కర్రతో చపాతీలా ఒత్తి గుండ్రంగా కోసుకోవాలి. తేమ, ఆక్సిజన్ రెండూ 1 పీపీఎం లోపు ఉండాలి, కోసిన ముక్క అయిదు నిమిషాల్లో మసకబారుతోందంటే మీ గ్లవ్‌బాక్స్ మీటర్ అబద్ధం చెప్తోంది.

ఎలక్ట్రోలైట్‌లో ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్ కలిపితే సోడియం మీద సోడియం ఫ్లోరైడ్ ఉన్న గట్టి పొర ఏర్పడుతుంది, ముళ్లలా పెరిగే డెండ్రైట్లు తగ్గుతాయి. ప్రొపిలీన్ కార్బొనేట్, ఈ ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్ సగం సగం కలిపి, ఉప్పు గాఢత 2 మోలార్ దాకా పెంచి, కొద్దిగా ఇండియం అయొడైడ్ వేసి మంచి ఫలితం చూపించినవాళ్లున్నారు, ఇండియం సోడియం మీద పొరలా కూర్చుని పాలీసల్ఫైడ్లని ఆపుతుంది. టిన్ క్లోరైడ్‌ది కూడా దగ్గర దగ్గర ఇదే ఐడియా. ఉప్పుగా సోడియం పెర్‌క్లోరేట్ చౌకే గానీ అది ఆక్సిడైజర్, వేడి చేసి ఆరబెట్టేటప్పుడు కాగితం, సాల్వెంట్ దగ్గర పెట్టకండి.

సోడియం అంటుకుంటే నీళ్లు వద్దు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వద్దు. పొడి ఇసుక గానీ పొడి ఉప్పు గానీ బకెట్‌లో మూతపెట్టి దగ్గర ఉంచుకోండి. మూత ఎందుకంటే, మన ఊళ్లో ఉప్పు బకెట్ మూత లేకుండా ఉంటే వారానికల్లా చెమ్మ.

స్టెప్ 9: సెల్ కట్టి టెస్ట్ చేయడం

సీఆర్2032 కాయిన్ సెల్, 12 మిల్లీమీటర్ల క్యాథోడ్, గ్లాస్ ఫైబర్ సెపరేటర్ (రెండు వైపులూ తగలకుండా మధ్యలో పెట్టే పొర). 0.1 సీ (పది గంటల్లో పూర్తిగా డిశ్చార్జ్ అయ్యే వేగం) అంటే సల్ఫర్ గ్రాముకి 167.5 మిల్లీయాంపులు. కార్బొనేట్ సెల్‌కి 0.8 నుంచి 2.8 వోల్టులు, ఈథర్‌కి 1.2 నుంచి 2.8 నేను వాడేవి. కట్టిన వెంటనే పెట్టకుండా ఆరు గంటలు నానబెట్టండి. ఛార్జ్ ఎంతసేపటికీ అవ్వకుండా చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టు ఎక్కుతూనే ఉంటే అది షటిల్, ఆపేయండి. ఒక్కో రకానికి కనీసం మూడు సెల్స్.

ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది. సల్ఫర్ లేని ఉత్త చిప్ప కార్బన్‌తో కూడా ఒక సెల్ కట్టండి. ఆ కార్బన్ కూడా కొంత సోడియం దాచుకుంటుంది, ముఖ్యంగా వోల్టేజీ కిందికి వెళ్లినకొద్దీ. దాన్ని తీసేయకుండా మొత్తం సల్ఫర్ ఖాతాలో వేస్తే 1675 దాటిన నంబర్లు కూడా వస్తాయి, అవి చూసి గైడ్‌కి ఫోన్ చేసి తిట్లు తిన్నవాడు నాకు తెలుసు, అద్దంలో రోజూ కనపడతాడు.

ఇక నిజాయితీ లెక్క. చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీగ్రాము సల్ఫర్ ఉన్న పూత గ్రాముకి 1000 ఎంఏహెచ్ ఇచ్చినా చదరపు సెంటీమీటరుకి 1 ఎంఏహెచ్ వస్తుంది. దానికి ఎదురుగా మనం పెట్టిన 0.4 మిల్లీమీటర్ల సోడియం రేకులో అంతే చోటుకి 45 ఎంఏహెచ్ ఉంది. అంటే 44 వంతులు ఊరికే కూర్చున్న బరువు. గ్లాస్ ఫైబర్ తాగే ఎలక్ట్రోలైట్ 100 మైక్రోలీటర్లు, మిల్లీగ్రాము సల్ఫర్‌కి 5 మైక్రోలీటర్ల లోపు ఉంటే గానీ పనికొచ్చే బ్యాటరీ కాదు. కాబట్టి మెటీరియల్ ఒకసారి కుదిరాక సైకిళ్లు పెంచే పని ఆపి, పూత మందం చదరపు సెంటీమీటరుకి 4 మిల్లీగ్రాముల దాకా పెంచడం, సోడియం పలచన చేయడం, ఎలక్ట్రోలైట్ తగ్గించడం మీద కూర్చోండి. ఈ మూడూ ఒకేసారి చేస్తే నా చిప్ప సెల్ వంద సైకిళ్లు కూడా లాగలేదు. మావయ్యకి గదిలోనే ఉందని చెప్పేది అందుకే.

స్టెప్ 10: చచ్చిన సెల్‌ని విప్పడం

పారేయకండి, గ్లవ్‌బాక్స్‌లో విప్పి సెపరేటర్ చూడండి. పసుపు, గోధుమ రంగు ఎక్కి ఉంటే సల్ఫర్ ఇంటి నుంచి బయటపడింది, స్టెప్ 4కి వెళ్లి సల్ఫర్ శాతం తగ్గించండి, లేదా రంధ్రాల సైజు చూడండి. తెల్లగానే ఉండి సోడియం వైపు బూడిద రంగు నాచులా పొడి అంటుకుని ఉంటే క్యాథోడ్ తప్పేం లేదు, స్టెప్ 8. సెపరేటర్ పొడిబారి గరగరలాడుతుంటే ఎలక్ట్రోలైట్ అయిపోయింది. పూత రేకు నుంచి పెచ్చులుగా ఊడొస్తే బైండర్, లేదా ఉబ్బుకి చోటు చాలలేదు.

మిగిలిన సోడియం ముక్కల్ని ఫ్యూమ్ హుడ్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్కటిగా వేసి బుడగలు పూర్తిగా ఆగాక మాత్రమే నీళ్లు కలపండి. సల్ఫైడ్ ఉన్న క్యాథోడ్లు, సెపరేటర్లు వేరే డబ్బాలో వేసి క్షారంలోనే ఉంచండి, పొరపాటున కూడా యాసిడ్ వేస్ట్ క్యాన్‌లో వేయొద్దు, మళ్లీ అదే కుళ్లిన గుడ్డు గ్యాస్ లేస్తుంది. డబ్బా మీద లోపల ఏముందో తెలుగులోనే పెద్దక్షరాలతో రాసి అంటించండి, రోజూ పొద్దున్నే ల్యాబ్ ఊడ్చడానికి వచ్చే ఆవిడ చదవగలిగేలా.